గళగండం పాఠం: ఉప్పు దక్కింది, సూక్ష్మదర్శిని మరుగయింది

ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చదివిన ఏ విద్యార్థినైనా గాయిటర్ ఎందువలన వస్తుందని అడిగితే, "అయోడిన్ లోపం వలన" అని తడుముకోకుండా చెబుతాడు. ఆ సమాధానానికి పూర్తి మార్కులు వస్తాయి. బడిలో విన్న శాస్త్ర విషయం ఇంతగా మనసులో నాటుకొనటం అరుదు. ఆ మేరకు ఈ పాఠాన్ని ముందుగా మెచ్చుకోవలసి ఉన్నది. అయితే పాఠం ఎంత గట్టిగా నాటుకొంటే, అందులోని లోటు కూడా అంత గట్టిగానే నాటుకొంటుంది. గొంతువాపును గూర్చిన ఈ పాఠం సగం నిజాన్ని చెప్పి తక్కిన సగాన్ని విడిచిపెట్టింది. విడిచిన సగంలో రెండు రోగాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి కొద్ది నెలలలో ప్రాణం తీసేది. రెండవది చూపులకు దానివలెనే ఉండి, సకాలంలో పోల్చుకొంటే చాలమందిలో నయమయ్యేది. ఈ రెండవదే థైరాయిడ్ గ్రంథిలో పుట్టే లింఫోమా.

శ్రీకాకుళం బిడ్డ చేసిన పరిశోధన

పాఠంలోని మంచి సగానికి భారతదేశంలో బలమైన ఆధారం సమకూర్చినవారిలో ముఖ్యుడు తెలుగువాడు. వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో జన్మించి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేశారు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు 1969 నుండి 1979 వరకు డైరెక్టరుగా ఉన్నారు. ఆయన, ఆయన సహచరులు 1956లో హిమాలయాల పాదాన ఉన్న కాంగ్రా లోయలో ఒక ప్రయోగం ప్రారంభించారు. లోయను మూడు మండలాలుగా విభజించారు. రెండు మండలాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడవదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. 1962లో పరీక్షించి చూస్తే, అయోడిన్ ఉప్పు తిన్న మండలాలలో గొంతువాపు ఇంచుమించు సగానికి తగ్గింది. మామూలు ఉప్పు తిన్న మండలంలో తగ్గలేదు. ఆ పిమ్మట అక్కడివారికి కూడా అయోడిన్ ఉప్పే ఇచ్చారు. అదే 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలయింది. ఈనాడు వంటింటిలోని ఉప్పు పొట్లం వెనుక ఇంత కథ ఉన్నది.

పాఠంపై మొదటి ఆక్షేపణ ఇక్కడే పుడుతుంది. పుస్తకాలు సాధారణంగా ఫలితాన్ని చెప్పి ప్రయోగాన్ని వదలివేస్తాయి. మామూలు ఉప్పు తిన్న ఆ మూడవ మండలం లేకపోతే ఈ ప్రయోగానికి విలువ ఉండేది కాదు. వాపు ఉప్పు వలన తగ్గిందా, మరేదైనా కారణం వలన తగ్గిందా అని తేల్చి చెప్పింది ఆ మండలమే. పోల్చి చూడనిదే కారణం తేలదన్న నీతి ఈ ప్రయోగంలో ఉన్నది. విద్యార్థికి అది అందటం లేదు. అందువలన "గొంతువాపుకు కారణాలలో అయోడిన్ లోపం ఒకటి" అన్న వాక్యం అతని మనసులో "గొంతువాపు అంటే అయోడిన్ లోపం" అని మారిపోతుంది. రెండు వాక్యాలకూ చాల దూరం ఉన్నది.

మరొక సంగతి. రామలింగస్వామి వృత్తిచేత పాథాలజిస్టు. అంటే రోగి శరీరం నుండి తీసిన కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూచి రోగాన్ని నిర్ణయించే వైద్యుడు. పాఠం ఆయన కృషిలోని ఉప్పును తీసుకొన్నది, సూక్ష్మదర్శినిని మరచింది.

1956లో మరొక వార్త

కాంగ్రా ప్రయోగం మొదలయిన 1956వ సంవత్సరంలోనే థైరాయిడ్‌ను గూర్చి మరొక గొప్ప విషయం బయటపడింది. లండన్‌లో ఐవన్ రాయిట్, డెబోరా డోనియాక్ మొదలైనవారు, ఒక రకం గొంతువాపు ఉన్న రోగుల రక్తంలో, వారి సొంత థైరాయిడ్ పదార్థానికి విరుద్ధంగా పనిచేసే ప్రతిరక్షకాలు ఉన్నాయని కనుగొన్నారు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి తన గ్రంథి మీదనే తిరగబడుతున్నదన్న మాట. ఈ వాపుకు హాషిమోటో వ్యాధి అని పేరు. అయోడిన్ చాలినంతగా ఉన్న ప్రాంతాలలో థైరాయిడ్ మందగించటానికి ముఖ్యకారణం ఇదే. ఇది ఎక్కువగా స్త్రీలలో కనిపిస్తుంది. 1956లో వెలువడిన రెండు వార్తలలో ఒకటి బడికి చేరింది, రెండవది చేరలేదు.

ఈ వ్యాధి పేరు కథ కూడా విమర్శకు తగినదే. హకారు హాషిమోటో అనే జపాను వైద్యుడు ఫుకువోకాలో పనిచేస్తూ నలుగురు స్త్రీల గొంతువాపులను పరీక్షించి, 1912లో ఒక జర్మన్ వైద్యపత్రికలో ప్రకటించాడు. గ్రంథి నిండా లింఫోసైటులనే తెల్లరక్తకణాలు కిక్కిరిసి ఉండటం చూచి, దానికి "లింఫోమావంటి వాపు" అని అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. అది నిజమైన లింఫోమా కాదు, కాన్సరూ కాదు. ఆకారంలోని పోలికను బట్టి పెట్టిన పేరు. కాని నిజమైన థైరాయిడ్ లింఫోమా ఎక్కువగా ఈ వ్యాధి ఉన్న గ్రంథిలోనే పుడుతుందని తరువాతి కాలంలో తేలింది. పేరుగా చూస్తే పొరబాటే అనిపించే మాట, రాబోయే సంబంధాన్ని ముందే సూచించినట్లయింది.

ఆ సంబంధం ఎట్లా ఏర్పడుతుందో చెప్పటం కష్టం కాదు. ఆరోగ్యవంతమైన థైరాయిడ్‌లో లింఫోసైటులకు స్థిరమైన నివాసం ఉండదు. హాషిమోటో వ్యాధిలో అవి వచ్చి చేరి, ఏళ్లతరబడి అక్కడే విభజన చెందుతూ ఉంటాయి. విభజన జరిగిన ప్రతిసారీ జన్యుపదార్థాన్ని నకలు తీయాలి. నకలులో తప్పులు దొర్లవచ్చు. ఎప్పుడో ఒకప్పుడు ఒక కణం అదుపు తప్పి, తన సంతతితో గ్రంథిని నింపివేయవచ్చు. 1983లో ఐజాక్సన్, రైట్ అనే ఇంగ్లండు పాథాలజిస్టులు జీర్ణనాళపు పొరలకు సంబంధించిన ఒక ప్రత్యేక జాతి లింఫోమాను వర్ణించారు. దానినే మాల్ట్ లింఫోమా అంటారు. థైరాయిడ్‌లో పుట్టే లింఫోమాలలో కొన్ని ఈ జాతివే. అవి నెమ్మదిగా పెరుగుతాయి. ఎక్కువ భాగం మాత్రం పెద్ద బి-కణాల లింఫోమా అనే చురుకైన జాతికి చెందుతాయి.

ఇక్కడ అంకెలను జాగ్రత్తగా చదవాలి. హాషిమోటో వ్యాధి ఉన్నవారికి థైరాయిడ్ లింఫోమా వచ్చే అవకాశం ఇతరులకన్న 60 నుండి 80 రెట్లు ఎక్కువని చెబుతారు. ఈ మాట ఒక్కటే వింటే ఎవరికైనా గుండె జారుతుంది. కాని ఈ రోగం మొత్తం మీద ఏడాదికి పదిలక్షల మందిలో సుమారు ఇద్దరికి మాత్రమే వస్తుంది. మిక్కిలి చిన్న సంఖ్యను 60తో గుణించినా వచ్చేది చిన్న సంఖ్యే. హాషిమోటో ఉన్నవారిలో అత్యధికులకు జీవితాంతం ఈ కాన్సర్ రాదు. "ఎన్ని రెట్లు" అని చెప్పి "ఎందరిలో" అన్నది చెప్పకుండా భయపెట్టే వ్యాసాలు పత్రికలలో తరచుగా కనిపిస్తాయి. గణితం ఉపాధ్యాయుడు కూడా ఈ ఉదాహరణను తన తరగతిలో వాడుకోవచ్చు.

పొందూరులో ఒక ఇల్లు

పాఠంలోని లోటు ఎవరికి నష్టం చేస్తుందో చూడాలంటే పొందూరు వంటి ఊరిలో ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. సన్నని ఖద్దరుకు పేరుపడిన ఈ ఊరిలో నూలు వడికేవారు స్త్రీలు. ఆ ఇంట్లో అరవై అయిదేళ్ల ముసలమ్మకు చాలకాలంగా మెడ కొద్దిగా లావుగా ఉన్నదనుకుందాం. అది ఎవరికీ కొత్త కాదు. ఒక నెలలోనే ఆ వాపు రెట్టింపయింది. గొంతు బొంగురుపోయింది. ముద్ద దిగటం కష్టమయింది. వెల్లకిల పడుకొంటే ఊపిరి ఆడటం లేదు. తొమ్మిదవ తరగతి చదివే మనుమడు పాఠం గుర్తుచేసుకొని, "మామ్మా, మంచి ఉప్పు కొనుక్కో, తగ్గిపోద్ది" అంటాడు. పిల్లవాడి తప్పేమీ లేదు. అతడు చదివినదే చెప్పాడు. కాని ఇటువంటి రోగంలో వారాలే లెక్క. ఉప్పు మార్చి ఎదురుచూచిన రెండు నెలలు తిరిగి రావు.

పెద్ద వయసులో, వారాల వ్యవధిలో, ఇట్లా పెరిగే థైరాయిడ్ వాపుకు ముఖ్యంగా రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి అనాప్లాస్టిక్ కార్సినోమా. థైరాయిడ్ కాన్సర్లలో ఇంతకన్న క్రూరమైనది లేదు. దీని బారిన పడినవారిలో సగంమంది ఆరు మాసాలు దాటి బ్రతకటం కష్టం. కొన్ని జన్యుమార్పులు ఉన్నవారికి 2018 నుండి కొత్త మందులు కొంత ఆసరా ఇస్తున్నాయి. రెండవది లింఫోమా. అమెరికాలో నమోదయిన రోగులను పరిశీలిస్తే, అయిదేళ్ల తరువాత కూడా ఈ రోగానికి బలికాకుండా ఉన్నవారు చురుకైన జాతిలో సుమారు 75 శాతం, మాల్ట్ జాతిలో సుమారు 96 శాతం. బయట నుండి చూస్తే రెండు వాపులూ ఒకటే. చేతితో తడిమి చూచినా తేడా తెలియకపోవచ్చు. అనుభవం గల వైద్యుడు కూడా కంటితో చూచి తీర్పు చెప్పడు.

పొందూరులో నూలు వడికేవారికి ఈ విషయం తేలికగా బోధపడుతుంది. రెండు పత్తికాయలు పైకి ఒకే తీరున ఉండవచ్చు. వాలుగ చేప దవడతో దువ్వి, పోగు తీసి చూస్తేగాని దానిలోని సన్నదనం తెలియదు. గ్రంథి సంగతి కూడా అంతే. ముక్క తీసి చూడనిదే పేరు పెట్టరాదు.

రోగనిర్ణయం ఎట్లా జరుగుతుంది?

మొదట వాపు థైరాయిడ్‌దేనా అని చూస్తారు. థైరాయిడ్ శ్వాసనాళానికి అంటుకొని ఉండటం వలన గుటక వేసినప్పుడు అది పైకి కదులుతుంది. ఈ పరీక్షకు గ్లాసెడు మంచినీళ్లు చాలును. తరువాత మెడకు అల్ట్రాసౌండ్ స్కానింగ్, రక్తంలో హార్మోనుల పరీక్ష చేస్తారు. పిమ్మట సన్నని సూదితో కొన్ని కణాలను లాగి చూస్తారు. చౌకగా, త్వరగా జరిగే పరీక్ష ఇది. కాని లింఫోమా విషయంలో దీనికి ఒక పరిమితి ఉన్నది. హాషిమోటో వ్యాధిలోనూ లింఫోసైటులే ఉంటాయి, మాల్ట్ లింఫోమాలోనూ లింఫోసైటులే ఉంటాయి. విడివిడిగా వచ్చిన కొన్ని కణాలను చూచి ఏది ఏదో చెప్పటం ఒక్కొక్కప్పుడు అసాధ్యం. అందుచేత అనుమానం ఉన్నప్పుడు లావు సూదితో సన్నని కడ్డీవంటి ముక్కను తీస్తారు. అదీ చాలకపోతే చిన్న శస్త్రచికిత్సతో పెద్ద ముక్క తీస్తారు.

ఆ ముక్కను రంగులు వేసి చూడటంతో పని పూర్తికాదు. కణాల పైనున్న గుర్తులను ప్రత్యేక ప్రతిరక్షకాలతో పరీక్షిస్తారు. సీడీ-20 అనే గుర్తు ఉంటే అవి బి-కణాలు. ఇక అవి కాన్సర్ కణాలా, వాపు వలన చేరిన కణాలా? దీనికి ఒక చక్కని ఉపాయం ఉన్నది. ప్రతి బి-కణం కప్పా, లాంబ్డా అనే రెండు రకాల గొలుసులలో ఒక్కదానినే తయారు చేస్తుంది. మామూలు వాపులో రెండు రకాల కణాలూ కలిసి ఉంటాయి. సంతలో గుమిగూడినవారు పలు ఊళ్లవారయినట్లు. లింఫోమా ఒకే కణం సంతతి కనుక అన్నింటిమీద ఒకే ముద్ర ఉంటుంది. సంతకూ, ఒకే ఇంటివారి గుంపుకూ ఉన్న తేడాను ఈ విధంగా పట్టుకొంటారు.

ఒక జాగ్రత్తను ఇక్కడ ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. వాపు తగ్గుతుందని ముక్క పరీక్షకు ముందే స్టెరాయిడ్ మాత్రలు వాడితే లింఫోమా కణాలు కొంతవరకు కరిగిపోతాయి. రోగికి నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. కాని తరువాత తీసిన ముక్కలో రోగం ఆనవాలు సరిగా దొరకకపోవచ్చు. ఊపిరి అందని అత్యవసర స్థితిలో వైద్యులు ఇచ్చే మందు సంగతి వేరు. తెలిసినవారి మాట విని కొని వేసుకొనే మాత్ర సంగతి వేరు.

రోగం పేరు తేలిన తరువాత అది ఎంతవరకు వ్యాపించిందో పెట్ స్కాన్ వంటి పరీక్షలతో చూస్తారు. థైరాయిడ్‌లోనే ఉంటే మొదటి దశ. మెడలోని, ఛాతీలోని లింఫ్ గ్రంథులకు పాకితే రెండవ దశ. ఈ రోగంలో చాలమంది ఈ రెండు దశలలోనే బయటపడతారు.

చికిత్స, దానిపై అపోహలు

కాన్సర్ అనగానే గ్రంథిని కోసి తీసివేయాలన్న అభిప్రాయం జనంలో ఉన్నది. తక్కిన థైరాయిడ్ కాన్సర్లలో అది చాలవరకు నిజమే. లింఫోమాలో శస్త్రచికిత్స ప్రధానంగా ముక్క తీయటానికే. కొన్ని మాల్ట్ వాపులలో తప్ప గ్రంథిని పూర్తిగా తీయవలసిన అవసరం సాధారణంగా రాదు. మాల్ట్ జాతి థైరాయిడ్‌కే పరిమితమయి ఉంటే రేడియేషన్ ఒక్కటే చాలవచ్చు. పల్లెలలో "కరెంటు పెట్టటం" అనేది దీనినే. అందులో కరెంటు షాకు ఏమీ లేదు. శక్తిగల ఎక్స్-కిరణాలను వాపు ఉన్నచోటికి గురిపెట్టటమే ఆ చికిత్స. చురుకైన జాతికి మందుల వరుస ఒకటి ఉన్నది. దానిని ఆర్-చాప్ అంటారు. సాధారణంగా మూడు వారాలకొకసారి ఇస్తారు. అవసరాన్ని బట్టి చివర రేడియేషన్ చేరుస్తారు.

ఆర్-చాప్‌లోని మందులలో రెండింటి కథ తెలుగు విద్యార్థికి ఆసక్తి కలిగిస్తుంది. ఒకటి విన్‌క్రిస్టిన్. ఇది ఇళ్ల ముంగిట పూసే బిళ్ళగన్నేరు మొక్క నుండి వచ్చింది. ఈ మొక్క పుట్టిల్లు మడగాస్కర్ దీవి. 1950ల చివర కెనడా, అమెరికా పరిశోధకులు మధుమేహానికి మందు వెదకబోయి, ఈ మొక్కసారం తెల్లకణాలను తగ్గిస్తున్నదని గమనించి కాన్సర్ మందుల దారి పట్టారు. విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి లభించింది. రెండవది రిటుక్సిమాబ్. పైన చెప్పిన సీడీ-20 గుర్తును పట్టుకొని బి-కణాలను నాశనం చేసే ప్రతిరక్షకం. 1997లో అమెరికాలో అనుమతి పొందింది. దీనికి సమానమైన మందును హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో విడుదల చేసింది.

"బిళ్ళగన్నేరు కాన్సర్‌ను నయం చేస్తుంది" అని రాసే రచనలు శాస్త్రాన్ని ప్రచారం చేస్తున్నట్లు కనిపించి దానికే ద్రోహం చేస్తాయి. ఆకులో విన్‌క్రిస్టిన్ అత్యల్పంగా ఉంటుంది. దానితో పాటు ఇతర విషపదార్థాలూ ఉంటాయి. శుద్ధిచేసిన మందును కూడా మిల్లీగ్రాములలో తూచి, నరంలోకి మాత్రమే, ఎంతో మెలకువగా ఎక్కిస్తారు. కషాయం తాగినవారికి మేలు జరగదు, హాని జరుగుతుంది. మొక్క నుండి మందు వచ్చిందని చెప్పే పాఠం, మొక్క వేరు, మందు వేరు అన్న మాట కూడా చెప్పి ముగియాలి.

పేర్లు పెట్టటంలో పొరబాటు

పాఠంపై చివరి ఆక్షేపణ మాటను గూర్చినది. గాయిటర్ అన్నా గళగండం అన్నా థైరాయిడ్ వాపు అనే అర్థం. అది రోగలక్షణం పేరు. జ్వరం అన్న మాట వంటిదే. జ్వరానికి కారణం మలేరియా కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు. "జ్వరం దోమవలన వస్తుంది" అని రాస్తే ఏ ఉపాధ్యాయుడూ పూర్తి మార్కులు వేయడు. "గాయిటర్ అయోడిన్ లోపం వలన వస్తుంది" అన్న వాక్యానికి మాత్రం వేస్తున్నాడు. ప్రాచీన ఆయుర్వేదంలో కూడా గళగండం, గండమాల, గ్రంథి, అర్బుదం అని మెడవాపులను వేరువేరుగా చెప్పారు. ఆ విభజన ఈనాటి విభజనతో సరిపోకపోవచ్చు. అయినా చూపులకు ఒకటిగా ఉన్నవన్నీ ఒకటి కావన్న మెలకువ అందులో ఉన్నది. నేటి పాఠం ఆ మెలకువను కూడా పోగొట్టుకొన్నది.

ఇందుకు పాఠాన్ని తిరగరాయనక్కరలేదు. నాలుగు వాక్యాలు చేరిస్తే చాలు. గాయిటర్ ఒక లక్షణం. దానికి కారణాలు పలు విధాలు. అయోడిన్ లోపం వాటిలో ఒకటి. ఉప్పు ఆ వాపును నివారిస్తుంది. హాషిమోటో వ్యాధి మరొకటి. దానికి ఉప్పు మందు కాదు. ఏ వాపు అయినా వారాల వ్యవధిలో పెరిగినా, గొంతు మారినా, మింగటం గాని ఊపిరి పీల్చటం గాని కష్టమయినా వెంటనే వైద్యునికి చూపించి, అవసరమైతే ముక్క పరీక్ష చేయించాలి.

ఈ ఆక్షేపణలను ఉప్పు మీద దాడిగా ఎవరూ తీసుకోరాదు. అయోడిన్ ఉప్పు మానవలసిన పని లేదు. పిల్లల మెదడు ఎదుగుదలకు అది అత్యవసరం. కొరత ఒక నివారణ చర్యతో తీరుతుంది. అరుదైన రోగం నిర్ణయంతోనే దొరుకుతుంది. సమాజానికి రెండూ కావాలి.

పొందూరు స్టేషనులో రైలెక్కితే విశాఖపట్నం చేరవచ్చు. అక్కడ కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నది. టాటా మెమోరియల్ సంస్థ నడిపే హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉన్నది. శ్రీకాకుళంలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. మందులు ఉన్నాయి, వైద్యులు ఉన్నారు. ఆ ముసలమ్మను రైలెక్కించవలసిన మాట మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు అనాలి. ఆ మాట తొమ్మిదవ తరగతి పిల్లవాడు అనగలిగిననాడు ఈ పాఠం పూర్తయినట్లు.